ఉప్పెన తర్వాత: మరణం ఎదుట మతం, కపటం, కరుణ

1. ఒక రోజు, ఒక సీమ

మోపిదేవి దాటి పులిగడ్డ చేరేసరికి కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలు సముద్రంలో కలిసేదాకా వాటి నడుమ ఇమిడిన నేలే దివిసీమ. 1977 నవంబరు 19 శనివారం, కార్తిక మాసం శుక్లపక్షంలో, గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలితో వచ్చిన తుఫాను ఈ తీరం మీద విరుచుకుపడింది. గాలి కంటే నీరే ఎక్కువమందిని చంపింది. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన కడలి పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లెలు తెల్లవారేసరికి ఆనవాలు లేకుండా పోయాయి. అధికారిక లెక్క ప్రకారం చనిపోయినవారు సుమారు 10,000 మంది. నిలువనీడ లేకుండా పోయినవారు 30 లక్షలకు పైనే.

ఈ తీరానికి ఉప్పెన కొత్తది కాదు. అంతకు 113 ఏళ్ల ముందు, 1864 నవంబరు 1న, బందరును (మచిలీపట్నాన్ని) ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని చరిత్ర చెబుతోంది. అప్పుడు ఏడ్చినవారి గొంతు బందరు దాటి పెద్దగా వినిపించలేదు. 1977 నాటికి రేడియో, పత్రికలు, సినిమా, ఎన్నికల రాజకీయం ఉన్నాయి. దివిసీమ మరణాలు లోకం కళ్లెదుటే జరిగాయి. హిందూ, క్రైస్తవ సేవాసంస్థలు, సర్వోదయవాదులు, కమ్యూనిస్టులు, నాస్తికులు, మంత్రులు, సినీతారలు అందరూ అదే బురదలోకి దిగారు. మరణం ఎదుట సమాజం ఏమి చేస్తుందో, ఏమి చేస్తున్నట్టు కనిపిస్తుందో పక్కపక్కన పెట్టి చూడటానికి తెలుగునాట ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

పరిశీలనకు ఒక కొలమానం కావాలి. చచ్చిపోయినవారికీ, వారి ఇంట మిగిలినవారికీ అక్కరకు వచ్చేది కరుణ. చేసినవారి పరువుకు, పదవికి, పుణ్యానికి మాత్రమే అక్కరకు వచ్చేది కపటం. మతం ఈ రెండింటికీ మాటలు అందిస్తుంది. అందుకే బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తేడా తెలియాలంటే శవాన్ని ఎవరు ముట్టుకున్నారు, చావుకు ఏ కారణం చెప్పారు, చనిపోయినవారిని ఎలా లెక్కపెట్టారు, బతికినవారికి ఏమి ఇచ్చారు, ఆ తర్వాత ఎలా గుర్తుంచుకున్నారు అన్నవి వరుసగా చూడాలి.

2. అనాథ ప్రేతం గురించి మతాలు చెప్పేది

కృష్ణా డెల్టాలో ఉన్న మూడు పెద్ద మతాలూ దిక్కులేని శవం విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి. అనాథ ప్రేత సంస్కారం యజ్ఞంతో సమానమని హిందువుల నమ్మకం. అలా మోసినవారికి మైల ఎక్కువ రోజులు ఉండదు, స్నానంతోనే పోతుంది. దీనికి ఆధారమైన పరాశర స్మృతి మాట్లాడింది అనాథ బ్రాహ్మణుడి శవం గురించి, దాన్ని మోసే ద్విజుల గురించి. ఆ గీతను జనమే చెరిపేశారు. ఈనాడు ఆ పుణ్యం ఏ శవానికైనా వర్తిస్తుందనే అందరూ అనుకుంటారు. శాస్త్రం ఆగిన చోటు నుంచి ఆచారం ముందుకు నడిచిన సందర్భాల్లో ఇదొకటి.

ఇస్లాంలో శవానికి స్నానం చేయించడం, కఫన్ చుట్టడం, జనాజా నమాజు, ఖననం ఫర్జ్-ఎ-కిఫాయా. కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ చేయకపోతే ఊరంతా దోషి. నీట మునిగి చనిపోయినవారికి షహీద్ హోదా ఉందని హదీసు సంప్రదాయం చెబుతుంది. కతోలిక క్రైస్తవంలో చనిపోయినవారిని పాతిపెట్టడం శరీర సంబంధమైన ఏడు దయాకార్యాల్లో ఒకటి. రాజాజ్ఞను కాదని రాత్రిపూట రహస్యంగా శవాలను పాతిపెట్టిన తోబీతు కథ వారి బైబిలులో ఉంది.

శవమే దొరకని చావుకు కూడా దారి ఉంది. మోదుగ ఆకులతో, దర్భలతో మనిషి రూపం అల్లి దహనం చేసే పద్ధతి గరుడ పురాణ సంప్రదాయంలో కనిపిస్తుంది. దుర్మరణం పాలైనవారికి నారాయణబలి చేస్తారు. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య, ప్రమాదాల్లో పోయినవారికి అంతకు ముందురోజు చతుర్దశి ఉన్నాయి. అంటే ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయినా మతం దగ్గర మాట కరువు లేదు. ఆ మాటను ఎవరి పట్ల, ఎవరి చేత అమలు చేయించారన్నది వేరే సంగతి.

3. ఎత్తిన చేతులు

ఉప్పునీటిలో రెండు మూడు రోజులు నానిన మనిషిని ముఖం చూసి గుర్తుపట్టలేము. చేతిమీది పచ్చబొట్టు, ముక్కుపుడక, మొలతాడు, చీర అంచు, ఇలాంటివే ఆనవాళ్లు. తుమ్మ ముళ్లపొదల్లో, కాలువ గట్ల మీద, కూలిన తాటిచెట్ల కింద చిక్కుకున్న శవాలను లాగి ఒకచోట చేర్చాలి. నానిన నేలలో పొడి కట్టె దొరకదు. పక్కనే పశువుల కళేబరాలు. ఈ పని చేయడానికి స్థానికుల్లో బతికినవారికి శక్తి లేదు. బయటినుంచి వచ్చిన రాష్ట్రీయ స్వయంసేవక సంఘ కార్యకర్తలు, సర్వోదయ కార్యకర్తలు, విద్యార్థులు, పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు ఈ పనిలోకి దిగారు. కుప్పలుగా పేర్చి సామూహిక దహనాలు చేశారు, గోతులు తీసి పూడ్చారు. ఏ శవం ఏ మతానిదో అడిగే వీలు లేకపోయింది.

పనిని పొగిడిన తీరులో మాత్రం తేడా ఉంది. స్వచ్ఛందంగా శవాన్ని ఎత్తినవారికి సన్మానం దక్కింది, దక్కాలి కూడా. జీతానికి ఎత్తిన పారిశుద్ధ్య కార్మికుడి పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు. తెలుగు పల్లెల్లో గొయ్యి తవ్వడం, చావు కబురు మోయడం, డప్పు కొట్టడం తరతరాలుగా మాల, మాదిగల మీద పెట్టిన వెట్టి. ఒకరు చేస్తే పుణ్యమైన పని మరొకరు చేస్తే మైల ఎందుకైందో ఏ స్మృతీ సంతృప్తికరంగా చెప్పలేదు. ఏ చేతులు ఆ పని రోజూ చేస్తాయో ఆ చేతులనే దూరంగా ఉంచడం ఈ విషయంలో అన్నిటికంటే పాత కపటం.

శ్మశానాల్లో కూడా ఇదే గీత కనిపిస్తుంది. అనేక గ్రామాల్లో కులానికో శ్మశానం ఉంది. దళితుల శ్మశానానికి దారి లేకపోవడం ఇప్పటికీ కలెక్టరు కార్యాలయాల్లో అర్జీగా చేరే సమస్య. కృష్ణకు ఆవలి ఒడ్డున, తెనాలి దగ్గర చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన దాడిలో దళితులను చంపి శవాలను కాలువల్లో పడేశారు. బాధితుల తరఫువారు ఆ మృతులను ఊరి శివారుకు తీసుకుపోలేదు, ఊరి నడుమ సమాధి చేశారు. ఆ స్థలం రక్తక్షేత్రంగా పేరుపొందింది. సమాధి ఎక్కడ ఉండాలన్న నిర్ణయమే అక్కడ న్యాయం కోసం మొదటి వాదన అయింది.

శవం వల్ల రోగాలు వస్తాయన్న భయం కూడా ఈ సందర్భంలో పరిశీలించదగింది. 1977లో కలరా వస్తుందన్న ఆందోళనతో దహనాలు హడావుడిగా సాగాయి. అప్పటి జ్ఞానం అంతే. ప్రకృతి విపత్తుల్లో గాయాలతో, మునకతో చనిపోయినవారి శవాలు మహమ్మారులకు కారణం కావడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ తదితరులు కలిసి 2006లో తెచ్చిన క్షేత్ర కరదీపిక స్పష్టంగా చెప్పింది. గుర్తింపు వివరాలు రాసుకోకుండా, ఫోటో తీయకుండా సామూహికంగా దహనం చేయవద్దని కోరింది. అయినా 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పాత భయమే గెలిచింది. శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక వృద్ధుడి శవాన్ని జేసీబీ తొట్టెలో తరలించారు. ఆ దృశ్యం బయటికి వచ్చాక మున్సిపల్ అధికారులు సస్పెండయ్యారు. చెన్నైలో కోవిడ్‌తో చనిపోయిన వైద్యుల అంత్యక్రియలనే స్థానికులు అడ్డుకున్నారు. ప్రాణాలు కాపాడినవారికి చప్పట్లు కొట్టిన సమాజమే వారి శవానికి ఆరడుగుల నేల ఇవ్వడానికి వెనుకాడింది. అదే కాలంలో తిరుపతిలో ముస్లిం యువకుల బృందం హిందువులు, క్రైస్తవులు సహా అన్ని మతాల కోవిడ్ మృతులకు వారి వారి పద్ధతిలో అంత్యక్రియలు జరిపింది.

ఈ విషయంలో చట్టం కూడా నోరు విప్పింది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే గౌరవం మరణంతో ఆగదని సుప్రీంకోర్టు 1995లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. దిక్కులేకుండా చనిపోయిన నిరాశ్రయులకు వారి మతం ప్రకారం గౌరవంగా అంత్యక్రియలు జరగాలన్న సూత్రం 2002లో ఆశ్రయ్ అధికార్ అభియాన్ కేసులో స్థిరపడింది. మతాలు పుణ్యమన్నదాన్ని న్యాయస్థానం హక్కు అంది. పుణ్యం చేసేవాడి ఇష్టం. హక్కు పొందేవాడి పక్షాన ఉంటుంది.

4. పాపఫలమన్న వాదం

పెద్ద చావు జరిగినప్పుడల్లా దానికి నైతిక కారణం వెదకడం మనుషుల అలవాటు. 1755 నవంబరు 1న, సర్వ పునీతుల పండుగనాడు, లిస్బన్ నగరం భూకంపంలో కూలింది. చర్చిల్లో ప్రార్థన చేస్తున్నవారు చాలామంది పోయారు. దేవుడి న్యాయం గురించి యూరప్‌లో దశాబ్దాలు నడిచిన చర్చకు, వోల్తేరు ఆగ్రహానికి అది మూలం. బందరు ఉప్పెన కూడా సరిగ్గా నవంబరు 1నే వచ్చింది.

1934 జనవరి 15 బీహారు భూకంపం తర్వాత, అస్పృశ్యత అనే పాపానికి ఇది దైవశిక్ష అని గాంధీజీ అన్నారు. అస్పృశ్యతను రవీంద్రనాథ్ ఠాగూర్ అంతే తీవ్రంగా ద్వేషించేవారు. అయినా ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. ప్రకృతి ఘటనకు భౌతిక కారణాలే ఉంటాయనీ, విశ్వనియమాన్ని నైతిక దండంగా చూపితే అవతలి పక్షం కూడా అదే ఆయుధాన్ని ఎత్తుకోగలదనీ వాదించారు. గాంధీజీ ఆ విమర్శను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేశారు. ఉద్దేశం ఎంత మంచిదైనా చనిపోయినవారిని పాఠంగా వాడుకోవచ్చా అన్న ప్రశ్నకు ఆ ఇద్దరి వాదమే నేటికీ సరైన పీఠిక.

దివిసీమలో ఈ వాదాన్ని పరీక్షించడం తేలిక. ఉప్పెన ఎక్కువగా చంపింది పల్లెకారులను, దళితులను, యానాదులను, వ్యవసాయ కూలీలను. అంటే సముద్రానికి దగ్గరగా, పల్లపు నేలలో, తాటాకు ఇళ్లలో ఉన్నవారిని. మెరక మీద డాబా ఉన్నవారిలో చాలామంది మిద్దె ఎక్కి బతికారు. పాపమే కారణమనేవారు పాపం గుడిసెల్లోనే కాపురముంటుందని ఒప్పుకోవలసి వస్తుంది. కృష్ణా డెల్టా తుఫానులను ఏళ్లతరబడి అధ్యయనం చేసిన పీటర్ వించెస్టర్ 1992లో వెలువరించిన గ్రంథంలో ఇదే సంగతిని ఆర్థిక భాషలో నిరూపించారు. ఒక కుటుంబానికి కలిగే నష్టాన్నీ, ఆ తర్వాత కోలుకోవడాన్నీ గాలి వేగం కంటే ఆ కుటుంబానికి ఉన్న ఆస్తి, అప్పు, పలుకుబడి ఎక్కువగా నిర్ణయిస్తాయి.

కర్మ అన్న మాటకు మరో వాడుక ఉంది. అంతా పోగొట్టుకున్న మనిషి తన గురించి తాను “నా రాత ఇంతే” అనుకుంటే ఆ మాట ఊతకర్ర. పోగొట్టుకోనివాడు ఎదుటివాడి గురించి “వాళ్ల రాత అంతే” అంటే అది చేతులు దులుపుకోవడం. మతవాక్యం నిజాయితీ చాలాసార్లు అది పలికే నోటిని బట్టి తేలుతుంది.

5. లెక్క

చనిపోయినవారిని లెక్కపెట్టడం పైకి గణాంకాల పని. నిజానికి అది గౌరవానికి సంబంధించింది. 1977 మృతుల సంఖ్య మొదటినుంచీ వివాదమే. అధికారిక లెక్క పదివేల దగ్గర ఆగితే ఇతర అంచనాలు దాన్ని దాటి చాలా దూరం పోయాయి. లెక్క తేలకపోవడానికి కారణాలు ఊహించలేనివి కావు. చాలా శవాలు సముద్రంలోకే పోయాయి. కుటుంబమంతా పోయినచోట ఫిర్యాదు చేసేవారే లేరు. పనికోసం వలస వచ్చిన కూలీల పేర్లు ఏ గ్రామం జాబితాలోనూ ఉండవు.

సంఖ్య పెరిగితే నిర్లక్ష్యం బయటపడుతుంది, తగ్గితే నష్టపరిహారం తగ్గుతుంది. అప్పుడు కేంద్రంలో మొరార్జీ దేశాయి నాయకత్వాన జనతా ప్రభుత్వం, రాష్ట్రంలో జలగం వెంగళరావు నాయకత్వాన కాంగ్రెస్ ప్రభుత్వం ఉన్నాయి. 1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు. శవాల లెక్క ఆ మూడు నెలల్లో రాజకీయ పక్షాల నోట ఆరోపణగా, సమాధానంగా తిరిగింది.

శవం దొరకని ఇంటికి మరో కష్టం. ఏడేళ్లు జాడ తెలియనివారిని మరణించినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పింది. ఆ సూత్రం 2024 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ కొనసాగింది. ఉప్పెనలో భర్త కొట్టుకుపోయిన స్త్రీకి ఏడేళ్ల గడువు అర్థం లేనిది. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో గల్లంతైనవారికి ప్రత్యేక పద్ధతిలో ముందుగానే మరణ ధ్రువపత్రాలు ఇచ్చారు. శవం లేకుండానే కర్మకు దారి చూపిన పురాణం ఈ విషయంలో చట్టం కంటే ముందుంది.

6. సహాయం చేసినవారు

దివిసీమ సహాయ చరిత్రలో ఏ ఒక్క సిద్ధాంతానికీ గుత్తాధిపత్యం లేదు. అప్పటి అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకటకృష్ణారావు గాంధేయవాది. బాధితుల మధ్య ఆయన చేసిన సేవకు జనం దివిసీమ గాంధీ అని పేరుపెట్టారు. మదర్ థెరీసా బాధిత ప్రాంతానికి వచ్చారు. రామకృష్ణ మిషన్ ఇళ్లు కట్టించింది. సంఘ కార్యకర్తలు శవదహనాల తర్వాత పునరావాసంలోకి దిగారు. చర్చిల ఉమ్మడి సేవాసంస్థ కాసా తీరంలో తుఫాను రక్షణ భవనాలు నిర్మించింది. గోరా నెలకొల్పిన విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలు కూడా వచ్చారు. గోరా ఒకప్పుడు బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పి, నాస్తికత్వం కారణంగానే ఆ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. దేవుణ్ణి నమ్మినవారు, నమ్మనివారు ఒకే గ్రామంలో గంజి కాచిన సందర్భం అది.

ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ గుడివాడ పరిసరాల్లో పుట్టినవారే. వారి నాయకత్వంలో సినీ కళాకారులు ఊరూరా జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. తారలు వీధిలోకి వస్తే జనం ఎగబడతారు, ఫోటోలు పడతాయి. ప్రచారం ఉన్నంత మాత్రాన దాన్ని కపటమనలేము. ముఖం చూపించి తెచ్చిన డబ్బు బాధితుడికి చేరితే ఆ ముఖం మంచి పనే చేసింది. కెమెరా వెళ్లిపోయాక ఏమి మిగిలిందన్నదే గీటురాయి.

ఆ గీటురాయి మీద కొన్ని నిలవలేదు. విపత్తుల తర్వాత ఎక్కడైనా కనిపించేవే ఇక్కడా చెప్పుకోవాలి. కారు పోయే దారి ఉన్న ఊరికి నాలుగు సంస్థలు వస్తాయి, పడవ మీద పోవలసిన ఊరికి ఒక్కటీ రాదు. కట్టలేని చినిగిన బట్టలు దానం పేరుతో మూటలుగా దిగుతాయి. ఇంటి గోడమీద ఇంటివాడి పేరు కంటే దాత పేరు పెద్దదిగా ఉంటుంది. సహాయం వెనుక మతమార్పిడి ఉందని ఒక పక్షం, సంస్థను పెంచుకోవడానికే సేవ అని మరో పక్షం ఆరోపించుకుంటాయి. ఈ ఆరోపణలకు బాధితుడి వైపునుంచి జవాబు సులువే. తిండి పెట్టేముందు ఏమీ అడగనివారు, పెట్టాక ఏమీ కోరనివారు ఏ జెండా కింద వచ్చినా ఒక్కటే.

7. సంతాపం, స్మారకం

డెల్టా ఊళ్లలో చావు ఇప్పుడు ఫ్లెక్సీ మీద కూడా జరుగుతుంది. పెద్దకర్మ నాటికి కూడలిలో అశ్రునివాళి బోర్డు వెలుస్తుంది. నడుమ పోయినవారి బొమ్మ, పైన వరుసగా నాయకుల బొమ్మలు, కింద నివాళి అర్పించేవారి పేర్లు, పదవులు. ఒక్కోసారి పోయినవారి ముఖాన్ని వెదుక్కోవాలి. పెద్దకర్మ భోజనాలు పరువుకు కొలమానమై, మధ్యతరగతి కుటుంబాలు అప్పు చేసి వడ్డించే స్థితి వచ్చింది. బతికుండగా కన్నవారిని పట్టించుకోక, పోయాక పిండాలు పెట్టడంలోని వంచనను వేమన కొన్ని శతాబ్దాల కిందటే ఎండగట్టాడు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి పురోహితుడి పెత్తనం లేని సంస్కారాల కోసం వాదించారు. అంటే కర్మకాండ మీద విమర్శ ఈ నేలకు బయటినుంచి వచ్చింది కాదు.

అలాగని కర్మకాండ అంతా బూటకం కాదు. ఏడుపుకు ఒక కాలం, ఒక స్థలం, తోడుగా కూర్చునే నలుగురు మనుషులు కావాలి. దినవారాలు ఆ పని చేస్తాయి. నవంబరు 2న క్రైస్తవులు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించడమూ అందుకే. హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసేచోట మాఘ పౌర్ణమికి జనం పుణ్యస్నానం చేస్తారు. దివిసీమ మృతులు కలిసిపోయిన సముద్రం కూడా అదే. వారికి వేరే ఘాట్ లేదు. అవనిగడ్డ దగ్గర ఉప్పెన మృతుల స్మారకం నిలిచి ఉంది. ఏటా నవంబరు 19న అక్కడ నివాళులు జరుగుతాయి. ఇంట్లో తద్దినం తిథిని బట్టి, ప్రభుత్వ నివాళి తేదీని బట్టి సాగుతుంటాయి. తిథి ఆ కుటుంబానిది, తేదీ ఊరందరిది.

8. చావుకు ముందు చేసే దయ

మరణానంతర కరుణ ఎంత గొప్పదైనా ఆలస్యంగా వచ్చేదే. 1977 నేర్పిన పాఠం ఆచరణలో కనిపించింది మాత్రం పదమూడేళ్ల తర్వాత. ఆ నడుమ తీరం వెంట తుఫాను రక్షణ భవనాలు లేచాయి, మచిలీపట్నంలో తుఫానులను పసిగట్టే రాడార్ వచ్చింది, కరకట్టలు బలపడ్డాయి, గ్రామాలను ఖాళీ చేయించే పద్ధతి రెవెన్యూ యంత్రాంగానికి అలవాటైంది. 1990 మే 9న 1977 నాటి దానికి తీసిపోని తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. లక్షలాది మందిని ముందే తరలించారు. చనిపోయినవారు 967 మంది. పదివేలతో పోలిస్తే మిగిలిన ప్రాణాలు ఏ స్మారకం మీదా చెక్కనివి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను నాటికి కోస్తా జిల్లాల్లో ప్రాణనష్టం వేళ్ల మీద లెక్కపెట్టే స్థాయికి తగ్గింది.

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి బిడ్డల కోసం, బిడ్డల క్షేమం కోసం మొక్కుకునే జనం ఆ మొక్కుతోపాటు తుఫాను హెచ్చరిక కూడా వింటున్నారు. ఈ రెండింటికీ వైరం లేదు. చచ్చినవారికి చేసే కర్మ మతం బాధ్యత, చావకుండా చూడటం ప్రభుత్వం బాధ్యత అని విడదీయడమే మిగిలిన కపటం. పల్లపు నేలలో గుడిసె ఉన్న కుటుంబానికి మెరక స్థలం, గట్టి ఇల్లు, రక్షణ భవనానికి దారి, గల్లంతైనవారి కుటుంబానికి తొందరగా చేతికందే ధ్రువపత్రం, ఊరందరికీ ఒకటే శ్మశానం, శవాలను ఎత్తే కార్మికులకు చేతి తొడుగులతోపాటు మర్యాద. ఇవి సమకూరిన మేరకే ఒక సమాజం చెప్పే సంతాపాన్ని నమ్మవచ్చు.